కార్తీకంలో కుదుటపడిన కడుపు మార్గశిరంలో మళ్లీ మొదలు: ఐబీఎస్‌కు తిండి సంగతి చెప్పండి

కృష్ణలంక టీచరమ్మ | డిసెంబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉండేది విజయవాడ కృష్ణలంకలో, లెక్కలు చెప్పేది గుంటూరులో ఒక బడిలో. రోజూ పొద్దున ఏడింటి బస్సు. అది ఎక్కే లోపల మూడుసార్లు బాత్రూముకు వెళ్లాలి. మూడోసారి వెళ్లొచ్చాక కూడా కడుపు ఖాళీ అయిందన్న తృప్తి ఉండదు. బస్సు వారధి దాటేదాకా గుండె గుప్పిట్లోనే, ఎక్కడ మెలిపెడుతుందోనని. మధ్యాహ్నం అన్నం తిన్న గంటకల్లా పొట్ట డోలులా బిగుసుకుంటుంది. చీర కుచ్చిళ్లు వదులు చేసుకుని, బల్ల చాటున నిలబడి పాఠం చెప్పిన రోజులున్నాయి.

వయసు 38. నాలుగేళ్లుగా ఇదే తంతు. ఒక పెళ్లి భోజనం తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవి వారంలో తగ్గాయి, ఇది మాత్రం మిగిలిపోయింది. రక్త పరీక్షలు, మల పరీక్ష, స్కానింగ్, చివరికి పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ కూడా అయింది. అన్నీ బాగున్నాయి. "ఐబీఎస్ అమ్మా, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు ఊరికే చిరాకు పడే జబ్బు. ప్రాణానికి ప్రమాదం లేదు. కారం మానేయండి, టెన్షన్ పడకండి" అన్నారు డాక్టరు గారు. మానేశాను. గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, రెండు నెలలు చప్పిడి కూరలు తిన్నాను. పిసరంత తేడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఇంట్లో కార్తీకమాసం నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టుకోరు. విసుగెత్తి ఈసారి కారం మళ్లీ మొదలుపెట్టాను, వెల్లుల్లి వేయని పండుమిరప పచ్చడితో సహా. ఆ నెలంతా నాకు కడుపు ఒకటి ఉందన్న సంగతే గుర్తు రాలేదు. పోలి స్వర్గం నాడు దీపాలు వదిలాం. మర్నాడు ఇంట్లో ఉల్లిపాయ సాంబారు, ఉల్లికారం పెట్టిన వంకాయ. మూడో రోజుకల్లా మళ్లీ పాత కథ.

అత్తగారు శివుడి మహిమ అంటున్నారు. శివుడి మీద నాకూ నమ్మకమే. కానీ మిగతా పదకొండు నెలలు ఏం చేయాలి? నిజంగా ఉల్లిపాయేనా?

మిర్చి యార్డు బాబాయి | డిసెంబరు 3, రాత్రి 10:15

అమ్మాయ్, ఉల్లిపాయ మీద నింద వేయకు. అసలు దొంగ కారమే. నేను ముప్పై ఏళ్లుగా యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తున్నాను. సీజన్లో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దిగుతుంటే ఘాటుకు కళ్లు, ముక్కు, గొంతు అన్నీ మండుతాయి, పేగు మాత్రం ఊరుకుంటుందా? నాకూ ఇదే జబ్బు. తేజ రకం కారంతో కూర తిన్న రోజు అరగంటలో పరుగు. మా ఆవిడ బ్యాడిగి కాయలు సగం కలిపి కారం ఆడించడం మొదలుపెట్టాక బాగా తగ్గింది. బ్యాడిగికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కూర చూడటానికి ఎర్రగానే ఉంటుంది కాబట్టి మనసు కూడా చిన్నబోదు.

అనుమానం ఎక్కువ | డిసెంబరు 4, ఉదయం 6:50

టీచరమ్మ గారూ, లెక్కలు చెప్పేవారు కాబట్టి అడుగుతున్నాను. కార్తీకంలో మారింది ఉల్లి ఒక్కటేనా? సోమవారాలు ఉపవాసం ఉన్నారా? హోటల్ తిండి మానేశారా? రాత్రి భోజనం మారిందా? ఇన్ని ఒకేసారి మారితే, ఏది పని చేసిందో ఎలా తేల్చారు?

కృష్ణలంక టీచరమ్మ | డిసెంబరు 4, సాయంత్రం 5:20

మంచి ప్రశ్న. ఉపవాసం ఉన్నది రెండు సోమవారాలే. హోటల్‌కు మామూలుగానే తక్కువ. రాత్రి మాత్రం మారింది. బరువు పెరగకూడదని రోజూ మూడు చపాతీలు తింటాను. కార్తీకంలో దీపాలు, పూజ అయ్యేసరికి ఆలస్యమై, అందరితో పాటు అన్నమే తినేశాను. పప్పు ఎప్పటిలాగే రోజూ ఉంది. కాఫీ రెండు పూటలా ఉంది, పాలతోనే.

పథ్యం | డిసెంబరు 4, రాత్రి 9:05

నేను విజయవాడలో డైటీషియన్‌గా పని చేస్తున్నాను. రోజుకు కనీసం ఇద్దరు ఇదే బాధతో వస్తారు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు జబ్బు గురించి. ఐబీఎస్ అని తేల్చడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్ ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, వెళ్లే సార్లు మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు తోడు కావాలి. మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. కొందరికి విరేచనాలు ఎక్కువ, కొందరికి మలబద్ధకం, కొందరికి వంతులవారీగా రెండూ. పరీక్షల్లో ఏమీ కనబడదు. ఎందుకంటే పేగు ఆకారంలో లోపం లేదు, తేడా పనితీరులో ఉంది. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే కబుర్లలో తేడా అన్నమాట. టీచరమ్మ గారిలాగా ఒక ఇన్ఫెక్షన్ తర్వాత మొదలైనవారు చాలామంది ఉంటారు. కాబట్టి "అంతా మీ ఊహ" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక ఉల్లిపాయ. అందులో, వెల్లుల్లిలో, గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది. దాన్ని తెంచే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో లేనే లేదు. మీకే కాదు, ఎవరికీ లేదు. అది అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది, గ్యాస్ పుడుతుంది. మామూలు మనిషికి అది ఒక చిన్న గుడగుడ. ఐబీఎస్ ఉన్నవారి పేగు నరాలకు అదే సాగుడు నొప్పిగా తెలుస్తుంది. ఇలాంటి పదార్థాలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టి, 2005లో ప్రచురించింది ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు. ఫ్రక్టాన్లతో పాటు పప్పుల్లో ఉండే గాలాక్టాన్లు, పాలలోని లాక్టోజు, మామిడి, పుచ్చకాయ, తేనెలో అదనంగా ఉండే ఫ్రక్టోజు, పుట్టగొడుగుల్లోనూ చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లోనూ ఉండే పాలియాల్స్ ఈ కోవలోకి వస్తాయి.

మీరు రాసినదాంట్లో నాకు ఆసక్తిగా అనిపించింది చపాతీ సంగతి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ మూడూ ఒకేసారి తగ్గాయి. మూడింట్లోనూ ఉన్నది ఫ్రక్టాన్లే. పప్పు, పాలు కొనసాగినా కడుపు బాగుంది కాబట్టి, మీరు తీసుకునే మోతాదులో అవి మీకు పడుతున్నట్టే. అత్తగారింటి ఆచారం మీ చేత సగం ప్రయోగం చేయించేసింది.

పథ్యం | డిసెంబరు 4, రాత్రి 9:12

ఒకటి మరిచాను. బాబాయి గారు చెప్పింది కూడా తప్పు కాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కు ఫాడ్‌మ్యాప్‌తో సంబంధం లేదు, దాని దారి వేరు. వేడిని పసిగట్టే నరాల మీద ఒక గ్రాహకం ఉంది, మిరప ఘాటు నేరుగా దాన్నే తట్టి లేపుతుంది. నోటిలో మంట అనిపించేదీ అందుకే. దాన్ని కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్‌కు నోబెల్ వచ్చింది. పేగులో కూడా అవే గ్రాహకాలున్నాయి, ఐబీఎస్ ఉన్నవారిలో అవి ఎక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో కనబడింది. ఆయన పేగు ఘాటుకు తిరగబడుతోంది, మీ పేగు ఉల్లికి. జబ్బు పేరు ఒకటే, పడనివి వేరు.

మిర్చి యార్డు బాబాయి | డిసెంబరు 4, రాత్రి 9:30

నోబెల్ వాడికిచ్చారు. ముప్పై ఏళ్లుగా మంట అనుభవించింది మేము.

పటమట పెద్దాయన | డిసెంబరు 5, ఉదయం 5:45

నాకు 64 ఏళ్లు. ఎనిమిది నెలలుగా రోజుకు నాలుగైదు సార్లు నీళ్ల విరేచనాలు. ఈ చర్చ చదివాక నాదీ ఐబీఎస్ అని అర్థమైంది. డాక్టరు దగ్గరకు వెళ్లలేదు, వెళితే అన్ని పరీక్షలూ రాస్తారు. ఉల్లి మానేస్తే చాలునా? షుగరుకు మాత్రలు వాడుతున్నాను. తీపి మానేశాను, షుగరు ఉన్నవారికని అమ్మే బిస్కెట్లు, స్వీట్లు మాత్రమే తింటున్నాను.

పథ్యం | డిసెంబరు 5, ఉదయం 8:10

పెద్దాయన గారూ, దయచేసి ఉల్లిపాయ మీద ప్రయోగాలు పక్కన పెట్టి ముందు డాక్టరును కలవండి. అరవై దాటాక కొత్తగా మొదలైన విరేచనాలను పరీక్షించకుండా ఐబీఎస్ అనుకోకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలో లేపి మరీ పరిగెత్తించే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వయసుతో పని లేకుండా వెళ్లాల్సిందే. మన ప్రాంతంలో అమీబియాసిస్, జియార్డియా వంటి పేగు ఇన్ఫెక్షన్లు, పేగు క్షయ కూడా ఐబీఎస్ వేషంలో వస్తాయి.

ఇంకో రెండు సంగతులు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా? దానివల్ల విరేచనాలు కావడం మామూలే. మీరు తినే ఆ చక్కెర లేని స్వీట్లలో మాల్టిటాల్, సార్బిటాల్ వంటి పాలియాల్స్ ఉంటాయి, అవి కూడా విరేచనం తెచ్చేవే. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుతో చెప్పండి.

వేదిక నిర్వాహకుడు | డిసెంబరు 5, ఉదయం 9:00

పై సమాధానాన్ని చర్చకు మొదట్లో కనిపించేలా పెడుతున్నాను. ఇక్కడ మందుల మోతాదులు ఎవరూ సూచించవద్దు.

సత్యనారాయణపురం వదిన | డిసెంబరు 5, మధ్యాహ్నం 2:30

నా గోడు కూడా వినండి. ఏ తిండి పడదో రక్తంలో చూసి చెబుతామని ఒక ల్యాబు వారు వేలకు వేలు తీసుకున్నారు. రంగుల కాగితాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. నలభై ఏడు పదార్థాలకు ఎర్ర గుర్తు. బియ్యం పసుపు, చింతపండు ఎరుపు, నువ్వులు ఎరుపు, కోడిగుడ్డు ఎరుపు, ఆఖరికి పసుపు కూడా ఎరుపే. ఎనిమిది నెలలుగా అన్నం, పెరుగు, సొరకాయతో బతుకుతున్నాను. జుట్టు గుప్పిళ్లతో ఊడుతోంది. కడుపు ఉబ్బరం మాత్రం ఎక్కడికీ పోలేదు.

పథ్యం | డిసెంబరు 5, రాత్రి 8:40

వదిన గారూ, అవి రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీని చూసే పరీక్షలై ఉంటాయి. మనం తరచుగా తినే ఆహారానికి శరీరం మామూలుగానే ఐజీజీ తయారు చేస్తుంది. తిన్నట్టు అది సాక్ష్యమే గాని, పడనట్టు కాదు. ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ పరీక్షలు వద్దని చెప్పింది. ఆ పుస్తకం అటక మీద పెట్టండి. రేపటి నుంచి కోడిగుడ్డు తినండి, అందులో ఫాడ్‌మ్యాప్ అసలే లేదు. చేప, కోడిమాంసంలోనూ లేదు, మసాలాలో ఉల్లి, వెల్లుల్లి లేనంతవరకు. జుట్టు సంగతికి రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి.

ఇంకో మాట. మీరు సురక్షితం అనుకుని రోజూ రెండు పూటలా తినే పెరుగులో లాక్టోజు ఉంది. తోడుకునేటప్పుడు కొంత తగ్గుతుంది గాని మొత్తం పోదు. దక్షిణాదిలో పెద్దయ్యాక లాక్టోజు సరిగా అరగనివారు చాలామంది. ఒక వారం పెరుగు తగ్గించి, తేడా ఉందేమో చూడండి.

వైద్యం ఇంట్లోనే | డిసెంబరు 6, ఉదయం 7:20

ఇన్ని ఇంగ్లీషు పేర్లు దేనికి? దీన్ని మనవారు ఎప్పుడో గ్రహణి అన్నారు. చరకసంహితలో గ్రహణికి మజ్జిగను మించినది లేదన్నారు. మీరేమో పెరుగు తగ్గించమంటున్నారు. పుల్ల మజ్జిగలో వేయించిన జీలకర్ర, శొంఠి, సైంధవ లవణం వేసి తాగండి. మా అమ్మమ్మ తొంభై ఏళ్లు బతికింది.

పథ్యం | డిసెంబరు 6, మధ్యాహ్నం 1:15

గ్రహణి అధ్యాయంలో మజ్జిగను మెచ్చుకున్న మాట నిజమే. నేనూ కాదనను. నీళ్లు బాగా కలిపి చిలికిన మజ్జిగ గ్లాసులో, గడ్డ పెరుగు గ్లాసుతో పోలిస్తే లాక్టోజు ఎంతో తక్కువ. లాక్టోజు పడనివారిలో కూడా చాలామందికి పలచటి మజ్జిగ పడుతుంది. ఈ ఒక్క విషయంలో మీ అమ్మమ్మ గారు, మొనాష్ వారు ఒకే పంక్తిలో కూర్చుంటారు. మజ్జిగలో ఉల్లిపాయ ముక్కలు మాత్రం వేయకండి.

కృష్ణలంక టీచరమ్మ | డిసెంబరు 9, రాత్రి 9:15

ఐదు రోజుల నివేదిక. చపాతీలు మానేశాను. ఉల్లిపాయ ముక్క నోట పెట్టలేదు. సాంబారులో పడిన చిన్న ఉల్లిపాయలను ఒక్కొక్కటే ఏరి కంచం అంచున వరుసగా పెట్టాను, మా అబ్బాయి లెక్కపెట్టాడు, పదకొండు. అయినా మర్నాడు పొద్దున నాలుగు సార్లు! కాబట్టి ఉల్లిపాయ కాదేమో అనిపిస్తోంది.

పథ్యం | డిసెంబరు 9, రాత్రి 9:50

కాదు కాదు, అవుననే చెబుతున్నాయి ఆ పదకొండూ. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి. సాంబారు ఉడికినంతసేపూ ఉల్లిలోంచి పులుసులోకి దిగిపోయాయి. మీరు పిప్పి ఏరేసి రసం తాగారు.

ఇదే సూత్రం మీకు మేలు కూడా చేస్తుంది. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు. తాలింపు పెట్టేటప్పుడు నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి, వేగి వాసన వచ్చాక ఒక్కటి కూడా మిగలకుండా తీసేయండి. ఆ తర్వాతే పప్పు గాని, చారు గాని పోయండి. వెల్లుల్లి వాసన, రుచి ఉంటాయి, ఫ్రక్టాను ఉండదు. రెబ్బలు ఉండగా నీళ్లు తగిలితే మళ్లీ మొదటికే వస్తుంది. ఏ రోజు నూనె ఆ రోజే చేసుకోండి. వెల్లుల్లి వేసిన నూనెను సీసాలో పోసి బయట నిలవ ఉంచితే ప్రాణాంతకమైన విషక్రిములు పెరిగే ప్రమాదం ఉంది.

ఉల్లి రుచి కావాలంటే ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మాత్రమే తరిగి వేయండి, తెల్ల గడ్డ వద్దు. ఇంగువ కూడా బాగా పని చేస్తుంది. కాకపోతే డబ్బా వెనక చదవండి, ముద్ద ఇంగువలోనూ పొడిలోనూ మైదా కలిపేవి చాలా ఉన్నాయి. బియ్యప్పిండి కలిపినవి వెతుక్కోండి.

అనుమానం ఎక్కువ | డిసెంబరు 9, రాత్రి 10:05

అయితే ఆవకాయలో వెల్లుల్లి కూడా నూనెలోనే కదా ఉంటుంది? ఆవకాయ తినవచ్చా?

పథ్యం | డిసెంబరు 9, రాత్రి 10:20

జాడీలో నూనె ఒక్కటే లేదు. ఉప్పుకు మామిడి ముక్క నీరు వదులుతుంది, వెల్లుల్లి నెలల తరబడి ఆ ఊటలో నానుతుంది. కాబట్టి ఆ లెక్క అక్కడ చెల్లదు.

హాస్టల్ గది 14 | డిసెంబరు 11, రాత్రి 11:30

అక్కా, నేను విజయవాడలో పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మెస్సులో అన్నిటిలోనూ ఉల్లి, వెల్లుల్లి. ఏరడానికి కూడా వీలు లేదు, ముద్దగా రుబ్బి వేస్తారు. ఆదివారం నమూనా పరీక్ష ఉన్న రోజున మరీ ఘోరం. హాలులో ప్రశ్నపత్రం ఇచ్చే సమయానికి కడుపులో మెలి. ఇంటికి వెళ్లినప్పుడు అదే సాంబారు తిన్నా ఏమీ కాదు.

పథ్యం | డిసెంబరు 12, ఉదయం 8:00

తమ్ముడూ, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఇంట్లో అదే సాంబారు పడుతోందంటే నీ విషయంలో తిండికన్నా పరీక్ష పెద్ద కారణం. నువ్వు ఫాడ్‌మ్యాప్ జోలికే పోవద్దు. చదువుకునే వయసులో కడుపునిండా తినాలి గాని, ఒక్కొక్కటీ మానేస్తూ పోకూడదు. వేళకు తిను. పొద్దున తినకుండా మధ్యాహ్నం రెండింతలు లాగించడం మానెయ్. రాత్రి మేలుకోవడానికి ఎన్ని టీలు, కాఫీలు తాగుతున్నావో లెక్క రాసుకో. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2008 నాటి మార్గదర్శకాల్లో ఐబీఎస్ ఉన్నవారికి రోజుకు మూడు కప్పులు దాటవద్దని చెప్పింది. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ, కొంచెం పెరుగన్నం వంటి అలవాటైన తిండి చాలు, కాఫీ వద్దు.

హాస్టల్ గది 14 | డిసెంబరు 12, ఉదయం 8:20

ఏడు కప్పులు అక్కా. నిన్న లెక్కపెట్టాను.

లక్ష్మీపురం | డిసెంబరు 12, రాత్రి 9:00

ఆ తమ్ముడి మాటకు నా అనుభవం ఒకటి. గుంటూరులో మా డాక్టరు గారు నాకు రాత్రిపూట ఒక చిన్న మాత్ర రాశారు. ఇంటికి వచ్చి కాగితం చదివితే అది డిప్రెషన్ మందు. నాకు పిచ్చి అనుకున్నారా అని ఒళ్లు మండి, మాత్రలు చెత్తబుట్టలో పడేశాను. ఏడాది బాధపడ్డాక మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లాను. ఆయన నవ్వి, "ఇది మీ మనసుకు కాదు, పేగు నరాలకు. అందుకే అంత తక్కువ మోతాదు" అన్నారు. మూడు వారాలకు నొప్పి సగానికి తగ్గింది. మందు పేరు ఇక్కడ రాయను, నిర్వాహకులు కోప్పడతారు.

పథ్యం | డిసెంబరు 12, రాత్రి 9:25

నిజమే. ఆ కోవకు చెందిన అమిట్రిప్టిలిన్ మీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే ఐబీఎస్ లక్షణాలు బాగా తగ్గాయి. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. తిండితోనే అంతా అయిపోతుందని నేను ఎవరికీ చెప్పను.

సత్యనారాయణపురం వదిన | డిసెంబరు 20, సాయంత్రం 4:10

గుడ్డు తిన్నాను. ఏమీ కాలేదు. చింతపండు చారు తాగాను, ఏమీ కాలేదు. ఎనిమిది నెలల తర్వాత చారు తాగి ఏడ్చాను. పెరుగు తగ్గించి మజ్జిగకు మారాక ఉబ్బరం సగం పోయింది. మలబద్ధకం మాత్రం అలాగే ఉంది. ఎవరో గోధుమ పొట్టు తినమన్నారు, తినవచ్చా?

పథ్యం | డిసెంబరు 20, రాత్రి 8:30

గోధుమ పొట్టు వద్దు, ఐబీఎస్‌లో అది ఉబ్బరాన్ని పెంచుతుంది. ఇసబ్గోల్ నయం. అది నీళ్లలో నాని జిగురుగా మారే పీచు, మలబద్ధకానికీ విరేచనానికీ రెంటికీ పనికొస్తుంది. ఒక చెంచాతో మొదలుపెట్టి వారానికి కొంచెం కొంచెం పెంచండి. పెద్ద గ్లాసు నీళ్లతో వెంటనే తాగండి, ఆ పొడిని పొడిగా మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. వేరే మందులు ఉంటే వాటికీ దీనికీ మధ్య ఎడం ఉంచండి.

కృష్ణలంక టీచరమ్మ | జనవరి 7, రాత్రి 9:00

నాలుగు వారాలు పూర్తయ్యాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, మైదా లేవు. ఇప్పుడు పొద్దున ఒక్కసారి, ఎప్పుడైనా రెండు. మొన్న బస్సు వారధి మీద అరగంట ఆగిపోయింది. అందరూ విసుక్కుంటుంటే నేను కృష్ణలో నీళ్లు ఎంత ఉన్నాయో చూస్తూ కూర్చున్నాను. దిగాక గాని తట్టలేదు, ఒకప్పుడైతే చెమటలు పట్టేవని.

ఇక జీవితాంతం ఇలాగే ఉండిపోతాను. పండగకు అరిసెలు, చక్రాలు బియ్యప్పిండివే కాబట్టి దిగులు లేదు.

పథ్యం | జనవరి 7, రాత్రి 9:40

దయచేసి ఉండిపోకండి! చాలామంది ఆగిపోయే చోటు ఇదే. మానేయడం మొదటి మెట్టు, అది రెండు నుంచి ఆరు వారాలకే. ఈ ఫ్రక్టాన్లను తినే బ్యాక్టీరియాలో మనకు మేలు చేసేవి కూడా ఉన్నాయి, ఎక్కువకాలం మానేస్తే అవి తగ్గుతాయి. రెండో మెట్టు, ఒక్కొక్కటే తిరిగి తిని చూడటం. పండగ మూడు రోజులూ వదిలేసి తర్వాత మొదలుపెట్టండి. మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలుగా తినేంత. తర్వాత మూడు రోజులు విరామం. ఆ వారంలో మరి ఏదీ కొత్తగా తినకూడదు. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి మూడింటినీ విడివిడిగా పరీక్షించండి, ఒకటి పడకపోతే మిగతావీ పడవని అనుకోవద్దు. లెక్కల టీచరు కదా, పట్టిక వేయండి.

పటమట పెద్దాయన | జనవరి 19, ఉదయం 6:00

డైటీషియన్ గారికి నమస్కారాలు. వెళ్లాను. కొలనోస్కోపీలో ఏమీ లేదు. మీరన్నట్టే మెట్‌ఫార్మిన్. నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చారు. ఆ స్వీట్లు కూడా మానేశాను. ఇప్పుడు రోజుకు ఒకసారి, మహా అయితే రెండు. అంటే నాకు ఐబీఎస్ లేదు. ఉల్లిపాయ పకోడీ తింటూ రాస్తున్నాను.

కృష్ణలంక టీచరమ్మ | ఫిబ్రవరి 11, రాత్రి 9:30

పట్టిక ఫలితాలు.

గోధుమ: ఒక పుల్కా, ఏమీ లేదు. రెండు, ఏమీ లేదు. మూడు, రాత్రంతా ఉబ్బరం. నేను ఏళ్ల తరబడి రోజూ తిన్నది సరిగ్గా మూడు!

ఉల్లి: పావు ఉల్లిపాయ వేసిన కూరకే రెండో రోజు పొద్దున మూడుసార్లు. అక్కడితో ఆపేశాను.

వెల్లుల్లి: ఒక రెబ్బ పడింది. రెండు రెబ్బలకు గుడగుడ, నొప్పి లేదు. మూడో రోజు మూడు రెబ్బలకు నొప్పి.

కారం పరీక్ష కూడా పెట్టుకున్నాను, బాబాయి గారి కోసం. మూడు రోజులు వరసగా పండుమిరప పచ్చడి. నోరు మండింది, కడుపు కిమ్మనలేదు.

ఇంట్లో ఇప్పుడు మా అత్తగారు తాలింపులో వెల్లుల్లి వేయించి, నా పప్పు పోసే ముందు గరిటెతో తీసి, ఆ రెబ్బలను మామగారి గిన్నెలో వేస్తున్నారు. సాంబారు రెండు గిన్నెలు. ఉల్లిపాయ ముందు తరిగితే కత్తి కడిగి మరీ నాది తరుగుతున్నారు, అంత అక్కర్లేదని చెప్పినా వినరు. శివుడి మహిమ అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వచ్చే ఆదివారం తెనాలిలో పెళ్లి ఉంది. అక్కడ ఏం తినాలి?

అనుమానం ఎక్కువ | ఫిబ్రవరి 11, రాత్రి 9:50

కారం ఒకసారి, ఉల్లి ఒకసారి చూసి తేల్చేశారు. ఉల్లి పరీక్ష నెల తర్వాత మళ్లీ పెట్టండి. ఆ వారం బడిలో పరీక్షలేమైనా ఉన్నాయేమో కూడా పట్టికలో రాయండి.

పథ్యం | ఫిబ్రవరి 12, ఉదయం 8:15

ఈయన చెప్పింది చేయండి, పేగు సహనం కాలంతో మారుతుంది.

పెళ్లిలో అన్నం, నెయ్యి, ముద్దపప్పు, వడియాలు, పులిహోర, బంగాళదుంప వేపుడు ఉల్లి లేకుంటే అదీ. పులిహోరలో జీడిపప్పు పక్కకు పెట్టండి, అందులోనూ ఇవే ఉన్నాయి. సాంబారు, మసాలా కూరలు, బిర్యానీ వద్దు. వంటవారిని అడగడానికి మొహమాటపడకండి, ఉల్లి తినని పెద్దవారి కోసం ఒక మూల వేరే వంట దాదాపు ప్రతి పెళ్లిలోనూ ఉంటుంది. ఆ పంక్తిలో కూర్చోండి.

మిర్చి యార్డు బాబాయి | ఫిబ్రవరి 12, రాత్రి 10:00

పండుమిరప మూడు రోజులు తిని కిమ్మనలేదా! గుంటూరు పిల్లవనిపించావు. సరే, నేను ఓడిపోయాను. వేసవిలో కాయ దిగగానే ఆవకాయ పెట్టేటప్పుడు ఒక చిన్న జాడీ వెల్లుల్లి లేకుండా వేరే పెట్టుకోమ్మా. యార్డులో కొత్త సరుకు వస్తోంది. ఎలాంటి కారం తీసుకోవాలో చెప్పనా?

కృష్ణలంక టీచరమ్మ | ఫిబ్రవరి 12, రాత్రి 10:10

చెప్పండి బాబాయి గారూ. బ్యాడిగి మాత్రం వద్దు.